పొయ్యి వేరైతే మీటరూ వేరే

అద్దె ఇంట్లో కరెంటు వాడేది ఒకరు. మీటరు గది తాళంచెవి ఇంకొకరి దగ్గర. యూనిట్‌కు పది అంటే పది కట్టాల్సిందే, రీడింగ్ ఎంతంటే అంత నమ్మాల్సిందే. తక్కువ వాడేవాళ్ళకు ఉద్దేశించిన చౌక రేటు, ఉచిత యూనిట్లు ఆ తాళం దగ్గరే ఆగిపోతున్నాయి. చట్టం మాత్రం చాలా ఏళ్ళుగా అద్దెదారు పక్కనే ఉంది.

టూలెట్ బోర్డు చూసి లోపలికి వెళ్తే మాటలన్నీ ఒక వరసలో నడుస్తాయి. అద్దె ఎంత, అడ్వాన్సు ఎన్ని నెలలది, ఎంతమంది ఉంటారు, నీళ్ళు ఎప్పుడు వదులుతారు, బండి ఎక్కడ పెట్టుకోవాలి. అన్నీ అయిపోయి మెట్లు దిగబోతుంటే ఓనరు ఒక మాట అంటారు: “కరెంటు సెపరేటు. యూనిట్‌కు పది.”

అద్దెలో అయిదు వందలు తగ్గించమని అరగంట బతిమాలినవాళ్ళు కూడా ఆ మాటకు తలూపి వచ్చేస్తారు. మీటరు ఎక్కడుంది, ఎవరి పేరున ఉంది, ఈ పది రూపాయల లెక్క ఎక్కడిది అని అడగరు. అడిగితే ఇల్లు చేజారుతుందేమోనని భయం. చేరాక అడిగితే “ఇష్టముంటే ఉండండి, లేదంటే ఖాళీ చేయండి” అంటారని ఇంకో భయం. బోరబండ, కృష్ణానగర్, దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో రెండు గదుల పోర్షన్లలో కాపురం పెట్టినవాళ్ళకు ఈ రెండు భయాలూ తెలుసు. విజయవాడ, విశాఖ, తిరుపతిలో ఉన్నవాళ్ళకూ కొత్త కాదు.

మీటరు అనేది తాళం వేసి దాచుకునే వస్తువు కాదు. వాడినంతకే డబ్బు కట్టేలా, అంతకుమించి ఎవరూ అడగకుండా ఉండటానికే దాన్ని గోడకు బిగించారు. వాడుతున్నవాడికే కనిపించని మీటరు ఆ పని చేయలేదు.

తాళం వెనక ఏముంది?

అపార్ట్‌మెంట్లలో మీటర్లన్నీ సెల్లార్‌లో ఒక ప్యానెల్ బోర్డులో ఉంటాయి. ప్రతి ఫ్లాటుకూ ఒక సర్వీసు నంబరు, ప్రతి మీటరుకూ విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) వేసిన సీలు ఉంటాయి. అక్కడ గొడవ తక్కువ. గొడవంతా ఒక ఇంటిని మూడు నాలుగు పోర్షన్లుగా చేసి అద్దెకిచ్చే చోట. అక్కడ డిస్కం మీటరు ఒక్కటే ఉంటుంది. అది ఓనరు వరండాలోనో, గ్రిల్లు తలుపు లోపలో, మెట్ల కింద తాళం వేసిన గూట్లోనో ఉంటుంది. దాని నుంచి ఒక్కో పోర్షన్‌కు ఒక లైను లాగి, ఎలక్ట్రికల్ షాపులో కొన్న సబ్ మీటరు పెడతారు. దానికి డిస్కం సీలు ఉండదు, డిస్కం దాన్ని పరీక్షించదు. ఎప్పుడు కొన్నారో, ఎంత వేగంగా తిరుగుతోందో అడిగే దిక్కుండదు. కొన్నిచోట్ల ఆ సబ్ మీటరు కూడా ఓనరు గదిలోనే. నెలాఖరున కాగితం ముక్క మీద ఒక అంకె రాసి పంపుతారు, దాన్ని పదితో గుణించి ఇవ్వాలి.

ఓనర్లందరూ మోసం చేస్తున్నారని నేను అనను. ఆ ఏర్పాటులో నిజాయితీ గల ఓనరుకు కూడా తన లెక్క సరైనదని చూపించుకునే దారి లేదు. చూసుకునే దారి అద్దెదారుకూ లేదు. ఇద్దరి మధ్యా మిగిలేది అనుమానమే.

పది రూపాయల రేటు ఎవరిది?

తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన గృహ రేట్లు చూద్దాం. నెలకు 100 యూనిట్లు దాటని ఇంటికి మొదటి 50 యూనిట్లు రూ.1.95 చొప్పున, తర్వాతి 50 రూ.3.10 చొప్పున. 100 దాటి 200 లోపు వాడితే మొదటి వందకు రూ.3.40, మిగతా వాటికి రూ.4.80. 200 దాటిన ఇంటికి మొదటి రెండు వందలకే రూ.5.10, ఆపైన 300 వరకు రూ.7.70, 400 వరకు రూ.9, 800 వరకు రూ.9.50. పది రూపాయల రేటు మొదలయ్యేది 800 యూనిట్లు దాటాక. అంటే గదికో ఏసీ ఉన్న విల్లాలో, అదీ ఎనిమిది వందల తర్వాతి యూనిట్లకు మాత్రమే పది. రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్, ఒక టీవీ ఉన్న పోర్షన్‌లో మొదటి యూనిట్‌కే పది.

ఆంధ్రప్రదేశ్‌లో శ్లాబులు వేరు. 30 యూనిట్ల వరకు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. అక్కడి పట్టికలో పది రూపాయల శ్లాబే లేదు.

ఒక ఇంటి లెక్క వేద్దాం. హైదరాబాద్‌లో మూడు పోర్షన్లు, ఒక్కో కుటుంబం నెలకు 90 యూనిట్లు వాడుతుంది. ముగ్గురికీ విడివిడిగా మీటర్లుంటే ఒక్కొక్కరి ఎనర్జీ ఛార్జీ రూ.221.50, మూడూ కలిపితే రూ.664.50. కస్టమర్ ఛార్జీ, ఫిక్స్‌డ్ ఛార్జీ, సుంకం వేరే కలుస్తాయి గానీ అవి పెద్ద మొత్తాలు కావు. అదే ముగ్గురూ ఒకే మీటరు మీద ఉంటే 270 యూనిట్లవుతాయి. మొదటి రెండు వందలూ రూ.5.10 రేటులో పడి, మిగతా 70 రూ.7.70లో పడి రూ.1,559 వస్తుంది. ఎవరూ ఒక్క యూనిట్ ఎక్కువ వాడలేదు. మీటర్లు కలిసిపోయినందుకే బిల్లు రెండింతలు దాటింది. ఓనరు ఆ బిల్లును ఉన్నదున్నట్టు ముగ్గురికీ పంచినా ఒక్కొక్కరూ 220 కట్టాల్సిన చోట 520 కడతారు. యూనిట్‌కు పది చొప్పున వసూలు చేస్తే ఒక్కొక్కరూ 900 కడతారు. ఓనరు చేతికి 2,700 వస్తుంది, డిస్కంకు కట్టేది 1,559.

ఆరేడు వందలు పెద్ద లెక్కా అని ఎవరికైనా అనిపించవచ్చు. రోజు కూలికి వెళ్ళేవాళ్ళకు, నెల జీతం పదిహేను వేలు దాటని సెక్యూరిటీ గార్డుకు, షాపులో సేల్స్ గర్ల్‌కు నెలనెలా పోయే ఆ ఆరు వందల ఎనభై రూపాయలు చిన్న మొత్తం కాదు. ఎక్కువ వాడేవాళ్ళ దగ్గర ఎక్కువ తీసుకుని తక్కువ వాడేవాళ్ళకు భారం తగ్గించాలన్నదే శ్లాబుల ఉద్దేశం. పోర్షన్ ఇంట్లో అది తలకిందులవుతోంది. అందరికంటే తక్కువ వాడేవాళ్ళు అందరికంటే పై రేటు కడుతున్నారు.

ఖాళీగా మిగిలిన గడి

2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు తెలంగాణ అంతటా ప్రభుత్వ పథకాల కోసం ప్రజాపాలన దరఖాస్తులు తీసుకున్నారు. ఉచిత కరెంటు పథకమైన గృహజ్యోతి భాగంలో విద్యుత్ మీటర్ కనెక్షన్ నంబరు రాయడానికి ఒక గడి ఉంది. సొంతింటివాళ్ళు పాత బిల్లు తీసి చూసి రాసుకున్నారు. పోర్షన్లలో ఉన్నవాళ్ళు ఏం రాయాలి? తమకు మీటరే లేదు. ఓనరు మీటరు నంబరు రాద్దామంటే ఓనరు ఇవ్వాలి.

2024 మార్చి నుంచి తెల్ల రేషన్ కార్డు ఉండి 200 యూనిట్ల లోపు వాడేవాళ్ళకు జీరో బిల్లులు మొదలయ్యాయి. అద్దెదారులకూ పథకం వర్తిస్తుందని అధికారులు చెప్పారు. కాగితం మీద అది నిజమే. అద్దెదారుకు విడిగా సర్వీసు ఉండి, దాని నంబరు కార్డుతో జతపడితే జీరో బిల్లు వస్తుంది. పైన చెప్పుకున్న మూడు పోర్షన్ల ఇంట్లో మాత్రం ఒక్కొక్కరూ 90 యూనిట్లే వాడినా మీటరు 270 చూపిస్తుంది. 200 దాటింది కాబట్టి ముగ్గురిలో ఎవరికీ రాదు. ముగ్గురి దగ్గరా తెల్లకార్డులున్నా అంతే. విడి మీటర్లుంటే ఆ ముగ్గురూ సున్నా కట్టేవాళ్ళు. సున్నాకూ తొమ్మిది వందలకూ మధ్య ఉన్న తేడా అంతా ఒక మీటరుదే.

ఇలాంటి పథకం పెట్టిన మిగతా చోట్లా ఇదే ముడి ఎదురైంది. ఢిల్లీలో 2019 ఆగస్టులో 200 యూనిట్ల వరకు ఉచితం చేశారు. ఓనరు మీటరు మీద ఆధారపడ్డ అద్దెదారులకు అది అందదని తేలడంతో సెప్టెంబరులోనే ముఖ్యమంత్రి కిరాయేదార్ బిజ్లీ మీటర్ యోజన ప్రకటించారు. అద్దె ఒప్పందమో రసీదో చూపించి, మూడు వేలు డిపాజిట్ కడితే అద్దెదారు పేరున ప్రీపెయిడ్ మీటరు ఇస్తామన్నారు, ఓనరు సమ్మతి పత్రం అడగబోమన్నారు. కర్ణాటకలో 2023లో గృహజ్యోతి మొదలైంది. అద్దెదారు ఇల్లు మారితే పాత సర్వీసు నుంచి ఆధార్ విడదీసుకుని కొత్త ఇంటికి జతచేసుకునే వీలు తర్వాతి ఏడాది కల్పించారు. అద్దెదారు ఇల్లు మారుతుంటాడని, మీటరు మారదని గుర్తించి చేసిన ఏర్పాట్లివి. తెలంగాణలో ఆ గుర్తింపు దరఖాస్తులో గడి పెట్టినప్పుడే ఉండాల్సింది.

బోరు మోటారు ఎవరి ఖాతాలో?

విడి మీటరు ఉన్నవాళ్ళకూ ఒక చిక్కుంది. అది సాధారణంగా ఇంట్లో చేరిన రెండో మూడో నెలలో తెలుస్తుంది. ఊరెళ్ళి పది రోజులు ఇల్లు తాళం పెట్టినా బిల్లు తగ్గదు. అప్పుడు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపిస్తే బోరు మోటారు లైనో, మెట్ల లైట్లో, గేటు దగ్గర బల్బో వీళ్ళ మీటరుకే కలిపి ఉంటాయి. కావాలని చేసి ఉండొచ్చు, ఇల్లు కట్టినప్పుడు వైరింగ్ చేసినతను దగ్గర్లో ఉన్న లైనుకు తగిలించేసి ఉండొచ్చు.

ఒక హార్స్‌పవర్ మోటారు అంటే 746 వాట్లు. రోజుకు రెండు గంటలు తిరిగితే ఒకటిన్నర యూనిట్, నెలకు దగ్గరదగ్గర 45. తొంభై వాడే ఇంటి మీటరు మీద అది పడితే 135 అవుతుంది. తెలంగాణ రేట్లలో రూ.221.50 కట్టాల్సినవాళ్ళు రూ.508 కడతారు. పెరిగింది 45 యూనిట్లే అయినా వంద దాటడంతో మొదటి యూనిట్ నుంచీ రేటు మారిపోయింది. శ్లాబు అంచు మీద ఒక్క యూనిట్ కూడా బరువే. 200 యూనిట్లకు రూ.820 పడే ఇంటికి 201 వస్తే రూ.1,027.70 పడుతుంది. గృహజ్యోతి ఉన్న ఇల్లయితే ఆ ఒక్క యూనిట్‌కే సున్నా పోయి మొత్తం బిల్లు చేతికొస్తుంది. అందుకే అద్దెదారు నెల మధ్యలో వెళ్ళి మీటరు చూసుకోగలగాలి. వాడకం 180 దగ్గరుందని తెలిస్తే ఇస్త్రీ, గీజరు నాలుగు రోజులు ఆపుకుంటాడు. మీటరు తాళం వెనక ఉంటే జాగ్రత్త ఎలా పడతాడు?

పాత లెక్కలు ఇంకో చిక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23 నాటి ఇంధన సర్దుబాటు ఛార్జీలను 2024 డిసెంబరు నుంచి బిల్లుల్లో వేయడం మొదలుపెట్టారు. ఆ సర్వీసు నంబరు మీద ఎప్పుడో వాడిన యూనిట్లకు తర్వాత వసూలు. అప్పుడు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్ళిపోయారు, కొత్తగా చేరినవాళ్ళు వాళ్ళ కరెంటుకు డబ్బు కట్టాల్సి వచ్చింది. డిస్కంకు సర్వీసు నంబరే తెలుసు, మనుషులు మారారన్న సంగతి తెలియదు. ఇలాంటి ఛార్జీ ఓనరు భరించాలని ఒప్పందంలో రాసుకోవడం న్యాయం, కానీ అలా రాయించుకోగలిగే అద్దెదారులు ఎంతమంది?

వంటిల్లు చాలు

ఇప్పుడు చట్టం సంగతి. విద్యుత్ చట్టం, 2003లోని 43వ సెక్షన్ కనెక్షన్ అడిగే హక్కు ఇంటి యజమానికి గానీ, అందులో నివాసముంటున్నవారికి గానీ ఇచ్చింది. అదే చట్టం వినియోగదారు ఎవరో చెబుతూ, డిస్కం లైనుకు ఎవరి నివాసం కలిపి ఉందో వారినీ ఆ లెక్కలో చేర్చింది. బిల్లు మీద పేరు ఓనరుదైనా, ఫిర్యాదు చేయడానికి వచ్చిన అద్దెదారును “నీకేం సంబంధం” అనడానికి వీల్లేదు.

2006 నుంచి రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉన్న సరఫరా నిబంధనలు ఇంకా స్పష్టంగా మాట్లాడతాయి. వేరు వంటిల్లు ఉన్న కుటుంబాన్ని వేరు నివాసంగా చూడాలని, వేరు నివాసానికి వేరు సరఫరా ఇవ్వాలని అందులో ఉంది. పోర్షన్‌లో పొయ్యి విడిగా ఉంటే మీటరూ విడిగా ఉండాలన్నమాట. నాకు ఈ నిబంధన చాలా నచ్చింది. రాసినవాళ్ళెవరో మన ఇళ్ళు తెలిసినవాళ్ళు. అన్నదమ్ములు వేరుపడ్డారా లేదా అన్నది ఊళ్ళో ఇప్పటికీ పొయ్యిని చూసే చెబుతారు.

ఓనరు ఒప్పుకోకపోతే? దానికీ అవే నిబంధనల్లో జవాబుంది. ఇల్లు తనది కాని దరఖాస్తుదారు ఓనరు రాసిచ్చిన పూచీ పత్రం ఇవ్వాలి. అది దొరక్కపోతే మామూలు సెక్యూరిటీ డిపాజిట్‌కు మూడింతలు కట్టి, ఆ ఇంట్లో చట్టబద్ధంగా ఉంటున్నట్టు ఆధారం చూపిస్తే చాలు. సెక్షన్ ఆఫీసులో “ఓనరు సంతకం తెండి” అని వెనక్కి పంపితే ఈ నిబంధనను గుర్తు చేయాలి. 2022 మేలో సుప్రీంకోర్టు మహారాష్ట్ర నుంచి వచ్చిన దిలీప్ వర్సెస్ సతీష్ కేసులో ఈ సంగతే తేల్చింది. కరెంటు కనీస అవసరమని, ఓనరు సమ్మతి పత్రం ఇవ్వలేదన్న కారణంతో అద్దెదారుకు దాన్ని నిరాకరించకూడదని, దరఖాస్తుదారు ఆ ఇంట్లో ఉంటున్నాడా లేదా అన్నదే సరఫరా సంస్థ చూడాలని చెప్పింది.

రీడింగ్ విషయంలో 2020 డిసెంబరులో కేంద్రం తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలు ఉపయోగపడతాయి. మీటరు అందుబాటులో లేక రీడింగ్ తీయలేని పరిస్థితి వరసగా రెండుసార్లు వస్తే, వినియోగదారే మీటరు ఫొటో తీసి రీడింగ్, తేదీ కనిపించేలా రిజిస్టర్ అయిన ఫోన్ నుంచో ఈమెయిల్‌లోనో పంపవచ్చు. డోర్ లాక్ అని రాసి సగటు బిల్లులు వేసుకుంటూ పోవడానికి లేదు. అలాంటి తాత్కాలిక బిల్లులు ఏడాదికి రెండుకు మించకూడదు. మీటరు ఇంటి బయట పెట్టిన చోట, వాడకాన్ని లోపల చూపించే డిస్‌ప్లే కావాలని వినియోగదారు అడగవచ్చని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2006లోనే నిబంధనల్లో పెట్టింది. అలాంటి డిస్‌ప్లే ఉన్న ఇల్లు నాకు ఒక్కటీ కనబడలేదు.

మీటరు చూపించమని అడిగినందుకు ఫ్యూజు పీకేసే ఓనర్లూ ఉంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 1960లో వచ్చిన అద్దె నియంత్రణ చట్టం, తగిన కారణం లేకుండా అద్దెదారు సదుపాయాలు ఆపకూడదని చెప్పింది. కానీ 2005 సవరణతో నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 దాటిన అద్దెలు ఆ చట్టం పరిధి నుంచి తప్పుకున్నాయి. ఈ రోజు హైదరాబాద్‌లో 3,500కు ఒక గది దొరకడం కూడా కష్టం. తెలంగాణలో చట్టం పుస్తకంలో ఉంది, దాని నీడలో నిలబడగల అద్దెదారులు కరిగిపోయారు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో కరెంటు, నీళ్ళు ఆపకూడదన్న నిబంధన ఉంది గానీ, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే దానికి ప్రాణం. తెలంగాణలో ఈ ఖాళీని పూడ్చాల్సింది శాసనసభే. అప్పటిదాకా ఆగలేనివాళ్ళకు సివిల్ కోర్టు తప్ప దారి లేదు.

ఓనరు భయం

ఓనర్లు చెప్పే మాటలూ వినాలి, ఎందుకంటే అందరూ భవంతులున్నవాళ్ళు కారు. పింఛను చాలక కింద పోర్షన్ అద్దెకిచ్చిన రిటైర్డ్ టీచరు ఉంటారు, భర్త పోయాక ఆ అద్దె మీదే బతికే ఆవిడ ఉంటారు. వాళ్ళ మొదటి భయం, మీటరు అద్దెదారు పేరున పడితే ఇంటి మీద హక్కు వస్తుందేమోనని. కరెంటు కనెక్షన్ యాజమాన్యానికి రుజువు కాదు. రెండో భయం, అద్దెదారు నాలుగు నెలల బిల్లు ఎగ్గొట్టి రాత్రికి రాత్రి వెళ్ళిపోతే బాకీ తమ నెత్తిన పడుతుందని. ఇది ఉత్త భయం కాదు. పాత బాకీ తీరనిదే ఆ ఇంటికి కనెక్షన్ ఇవ్వబోమని డిస్కంలు పట్టుబడతాయి. దీనికి మందు ప్రీపెయిడ్ మీటరు. ముందు డబ్బు కట్టాకే కరెంటు కాబట్టి బాకీ మాట ఉండదు. ఢిల్లీ అద్దెదారుల పథకం పట్టింది ఆ దారే.

మూడో భయం బయటికి చెప్పరు. అనుమతి లేకుండా లేపిన అంతస్తుకు మీటరు అడిగితే మున్సిపాలిటీ కళ్ళలో పడతామని. ఆ తప్పు చేసింది ఎవరో, దాని ఖర్చు నెలనెలా కడుతున్నది ఎవరో చూస్తే నాకు ఓనరు మీద ఇక్కడ జాలి కలగదు.

యూనిట్‌కు పది తీసుకోవడం సంగతికొస్తే, మోటారు, మెట్ల లైట్లు, సబ్ మీటరు ఖర్చు అందులో ఉన్నాయంటారు. ఉండొచ్చు. అయితే ఆ లెక్క కాగితం మీద పెట్టి పంచాలి. లైసెన్సు లేకుండా కరెంటు పంపిణీ, వ్యాపారం చేయకూడదని 2003 చట్టం 12వ సెక్షన్ చెబుతుంది. వచ్చిన బిల్లును పంచుకోవడం ఒకటి, దాని మీద లాభం తీయడం వేరు. బ్రిటన్‌లో ఈ గీత తేటగా గీశారు. అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ నిబంధన ప్రకారం ఓనరు తాను కొన్న ధరకు మించి అద్దెదారుకు కరెంటు గానీ గ్యాస్ గానీ అమ్మకూడదు, ఎక్కువ తీసుకుంటే అద్దెదారు కోర్టుకెళ్ళి తిరిగి రాబట్టుకోవచ్చు.  మన విద్యుత్ నియంత్రణ మండళ్ళు ఏటా రేట్ల మీద బహిరంగ విచారణలు పెడతాయి. ఇలాంటి ఒక్క వాక్యం రాయమని అక్కడ అద్దెదారులు అడగాలి.

అడ్వాన్సు ఇవ్వకముందే

అద్దెదారు బలం ఉండేది అడ్వాన్సు చేతులు మారకముందే. అప్పుడే సర్వీసు నంబరు అడగాలి. తెలంగాణలో యూనిక్ సర్వీస్ నంబరుతో డిస్కం వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో బిల్లు ఎంతో, బాకీ ఉందో లేదో ఫోన్‌లోనే చూడొచ్చు, ఓనరు గడప తొక్కనక్కర్లేదు. నంబరు ఇవ్వడానికి వెనకాడే ఇంట్లో తర్వాత ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. “అంకుల్, నెలకోసారి మీటరు ఫొటో తీసుకుంటాను” అన్న మాట నవ్వుతూ ముందే అనేసి, అద్దె ఒప్పందంలో ఒక లైనుగా రాయించుకోవాలి. చేరిన రోజు, ఖాళీ చేసిన రోజు రీడింగ్ ఫొటో తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపితే ఇద్దరి దగ్గరా సాక్ష్యం ఉంటుంది.

సబ్ మీటరు మీద అనుమానముంటే తేల్చుకునే పద్ధతి సులువైనదే. ముందు ఇంట్లో ప్రతి స్విచ్చీ ఆపి, ప్లగ్గులన్నీ తీసేసి మీటరు మీది చిన్న ఎర్ర లైటు చూడాలి. అది ఇంకా మిణుకుతుంటే ఎవరిదో లైను మీకు కలిసి ఉన్నట్టే. తర్వాత నీళ్ళ బకెట్‌లో వెయ్యి వాట్ల హీటర్ రాడ్డు ఒక్కటే పెట్టి ఆన్ చేయాలి. గంటకు ఒక యూనిట్ తిరగాలి. అంతసేపు ఆగనక్కర్లేదు. మీటరు మీద 3200 అని రాసి ఉంటే యూనిట్‌కు అన్నిసార్లు లైటు మిణుకుతుందని అర్థం, అంటే నిమిషానికి దాదాపు 53 సార్లు. వోల్టేజీని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ, డెబ్భై ఎనభై వచ్చిందంటే ఆ మీటరు మార్చమని అడగాల్సిందే. రాడ్డు ఆన్‌లో ఉండగా బకెట్ ముట్టుకోకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

మాటలతో తెగకపోతే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. దానితో కదలకపోతే డిస్కం దగ్గరే ఉండే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాయాలి, అక్కడా తృప్తి లేకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు. తెల్లకాగితం మీద రాసినా తీసుకుంటారు. విడి మీటరు కోసం దరఖాస్తు పెట్టి నిరాకరణకు గురైనవాళ్ళు ఆ నిరాకరణను రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి, చాలాసార్లు కాగితం మీద పెట్టమనగానే ఆ మాట మారుతుంది. నలుగురు అద్దెదారులు కలిసి అడిగితే ఖాళీ చేయమనడం ఓనరుకూ కష్టం, నలుగురి అద్దె ఒకేసారి ఆగిపోతుంది మరి.

ఇంత భారం అద్దెదారు ఒక్కడి మీద వేసి వదిలేయడం మాత్రం నాకు సమ్మతం కాదు. ఇల్లు పోతుందన్న భయం ఉన్నవాడు ఫిర్యాదు రాయడు. డిస్కం దానంతట అదే కదలాలి, అందుకు కొత్త యంత్రాంగం అక్కర్లేదు. బిల్లు కొట్టే మనిషి ప్రతి నెలా ప్రతి ఇంటికీ వెళ్తాడు. ఒక మీటరు వెనక ఎన్ని పోర్షన్లున్నాయో అతని కళ్ళకు కనబడుతూనే ఉంటుంది. అతని చేతిలోని స్పాట్ బిల్లింగ్ మిషన్‌లో ఎన్ని వంటిళ్ళు అన్న ఒక ప్రశ్న చేర్చి, ఒకటికి మించి వచ్చిన సర్వీసులకు విడి మీటర్లు తీసుకోమని డిస్కమే నోటీసు ఇవ్వవచ్చు. అప్పుడు అడిగింది ఫలానా అద్దెదారు అన్న మాట ఉండదు. డిపాజిట్‌ను వాయిదాల్లో తీసుకుంటే మూడింతల బరువూ తగ్గుతుంది. వేరు పొయ్యికి వేరు సరఫరా ఇవ్వాలని 2006లోనే రాసుకున్న సంస్థలు, దాన్ని అమలు చేయడానికి ఎవరి సంతకం కోసమూ ఎదురుచూడాల్సిన పని లేదు.